కుక్కకి నెమరేది?

కనుమనాడు కాకైనా కదలదంటారు. మా వైపు మాత్రం ఆ రోజు దేవుళ్ళే కదులుతారు. అంబాజీపేట చుట్టూ ఉన్న పదకొండు ఊళ్ళ నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు జనం భుజాలకెక్కి జగ్గన్నతోటకి బయల్దేరతాయి. కొన్ని వరిచేలకి అడ్డంపడి వస్తాయి, కొన్ని కౌశిక నీళ్ళలో దిగి వస్తాయి. మధ్యాహ్నమైతే ఆ దారుల్లో ఆటో కాదు కదా, సైకిలు కూడా దూరదు. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఆ పొద్దున మా అరుగు మీద జరిగిన వాదనకి గడియారం అదే.

వాదించుకున్నవాళ్ళు ఇద్దరు. ఒకరు మా నాన్న. డెబ్బై దాటిన కొబ్బరి రైతు, పాడిలో చెయ్యి తిరిగిన మనిషి. వీధిలో ఎవరి గేదె ఈనలేక ఇబ్బంది పడినా ముందు మా ఇంటికే కబురొస్తుంది. రెండోది మా అన్నయ్య కూతురు. గన్నవరం పశువైద్య కళాశాలలో మూడో ఏడు చదువుతోంది. మన పి.గన్నవరం కాదనీ, విజయవాడ పక్క గన్నవరమనీ ఊళ్ళో ప్రతివాళ్ళకీ విడమరిచి చెప్పాల్సొస్తుంది దానికి. నాన్న దాన్ని ‘సగం డాక్టరు’ అంటాడు. నేను గారెలు తింటూ విన్నవాణ్ణి, మధ్యలో ఓసారి దొరికిపోయినవాణ్ణి.

గొడవంతా నల్లోడి గురించి. కొబ్బరి రాశికి కాపలా కాసే ఏడేళ్ళ ఊరకుక్క. రెండ్రోజులుగా అన్నం ముట్టలేదు. ఆ పొద్దున అమ్మ వేసిన రథం ముగ్గు పక్కన కాసేపు పడుకుని లేచి వెళ్ళాడు. వెళ్ళాక చూస్తే, రథం తాడు దగ్గర తెల్లటి పిండి మీద మూడు నెత్తుటి చుక్కలు.

తాతయ్య: ఏ ముళ్ళకంపలోనో మూతి పెట్టి ఉంటాడు. ఉడతల కోసం వాడు దూరని చోటు లేదు. దానికింత హడావుడేంటే అమ్మడూ?

మనవరాలు: ముల్లు గీరితే పైన గాయం కనపడాలి తాతయ్యా. ఇది ముక్కు లోపల్నుంచి కారుతోంది. పైగా తిండి ముట్టి రెండ్రోజులైంది.

తాతయ్య: లంకణం పరమౌషధం. ఆ మాట మనిషికైతే చెప్పాలి, కుక్కకి దానంతట దానికే తెలుసు. ఒంట్లో బాగోకపోతే తిండి మానేస్తుంది, గడ్డి నమిలి కక్కుకుంటుంది, నీడన పడుకుంటుంది. మూడోనాటికి లేచి తోకాడిస్తుంది. యాభై ఏళ్ళలో ఎన్ని కుక్కల్ని చూశానో లెక్క చెప్పమంటావా?

మనవరాలు: చాలాసార్లు అలాగే లేస్తుంది, కాదనను. పెద్ద కుక్క ఒకటి రెండుసార్లు కక్కుకుని, పిలిస్తే హుషారుగానే వస్తోందనుకో. ఓ పూట కడుపు మాడ్చి, నీళ్ళు కాసిని కాసినిగా పట్టి, తర్వాత మెత్తగా ఇంత అన్నం పెడితే చాలు. దానికి ఆస్పత్రి అక్కర్లేదు. తాగిన నీళ్ళు కూడా నిలవకపోతేనో? కక్కులో నెత్తురుంటేనో? అదే రెండు నెలల పిల్లైతేనో? పిల్లకి లంకణం పెడితే మందు కాదు, నీరసంతోనే పోతుంది.

తాతయ్య: నిన్ను ఎదురింటి మాస్టారు చెడగొట్టాడు. ఆయన ఇంట్లో ఉన్నది కుక్క కాదు, ఇల్లరికపుటల్లుడు. ఏ సూది ఎప్పుడు పొడిపించారో రాసుకోడానికి దానికో పుస్తకం! నెలకో బిళ్ళ, వారానికో షాంపూ. పంకా కింద పడుకునే కుక్క జబ్బు పడక ఏం చేస్తుంది?

మనవరాలు: ఆ సీజరు ఈ నాలుగేళ్ళలో ఎన్నిసార్లు జబ్బు పడిందో మాస్టారినే అడుగు.

తాతయ్య: మా నల్లోడు మాత్రం ఎన్నిసార్లు పడ్డాడేంటి? ఇదే మొదలు.

ఈ దెబ్బ నాన్నదే. పిల్ల కాసేపు మాట్లాడలేదు. గారె తుంచి పెరుగులో ముంచింది, తినలేదు. తర్వాత దారి మార్చింది.

మనవరాలు: సరే, ఓ మాట చెప్పు. నీ గేదె సాయంత్రం నెమరు వెయ్యలేదనుకో. ఎంతసేపు ఆగుతావు?

తాతయ్య: ఆగడమేంటి? పొట్ట ఉబ్బిందేమో ఎడం డొక్క కొట్టి చూస్తాను, పేడ చూస్తాను. తేడాగా ఉంటే అర్ధరాత్రైనా డాక్టరుగారి తలుపు కొడతాను.

మనవరాలు: ఎందుకూ? లంకణం పరమౌషధం కదా.

తాతయ్య: గొడ్డు సంగతి వేరు. నెమరాగిందంటే లోపల పొయ్యి ఆరినట్టే. తెల్లారేదాకా ఆగితే దక్కదు. కుక్కకి నెమరేది? దేన్ని చూసి పరిగెత్తమంటావు నన్ను?

వెటకారానికే అడిగాడు గానీ, నాకు ఈ ప్రశ్న తర్వాత చాలా రోజులు గుర్తుండిపోయింది. కుక్కని పెంచేవాళ్ళలో సగంమంది అడగాల్సిన ప్రశ్న అది, అడగరు. ‘ఏ జబ్బుకి ఏ మందు’ అని అడుగుతారు. ఎప్పుడు లేవాలో అడగరు.

మనవరాలు: ఉంది తాతయ్యా. పైపెదవి ఎత్తి చిగురు చూడు. బాగున్న కుక్క చిగురు మన గోరు కింద రంగులో ఉంటుంది. వేలితో నొక్కి వదిలితే తెల్లబడ్డ చోటికి రెండు సెకన్లలో ఎరుపు తిరిగి రావాలి. అది పాలిపోయినా, పచ్చబడినా, నీలం తిరిగినా దానికి నెమరాగినట్టే. ఇంకోటి, ఊపిరి. నిద్రపోతున్న కుక్క డొక్క నిమిషానికి ముప్ఫైసార్ల కన్నా ఎక్కువ ఎగరకూడదు. ఎండా లేదు, పరుగూ లేదు, పుష్యమాసపు చలిలో నాలిక బయటపెట్టి రొప్పుతోందంటే లోపల ఏదో తేడా ఉంది.

నాన్న లేచాడు. నల్లోణ్ణి పిలిచి, మెడ కింద చెయ్యేసి, పైపెదవి ఎత్తాడు.

తాతయ్య: ఏదే నీ గోరు రంగు? తారురోడ్డులా ఉంది! మీ పుస్తకాలు ఏ దొరల కుక్కని చూసి రాశారో గానీ!

నల్లోడి చిగుళ్ళు పుట్టుకతోనే నలుపు. చాలా నల్లకుక్కలకి అంతే. పిల్ల ఇంకేదో చెప్పబోయేలోగా వాడు తల విదిలించుకుని, గాబు పక్కనుంచి మెల్లగా తోటలోకి నడిచిపోయాడు. వెళుతుంటే వెనక్కాళ్ళు కొంచెం తూలాయి. అది నేను చూశాను. నాన్న చూశాడో లేదో. ఆయన అప్పటికే గెలిచిన ఉత్సాహంలో ఉన్నాడు.

తాతయ్య: ముక్కు పట్టుకు చూడ్డం కన్నా ఇంకేం కావాలి? తడిగా, చల్లగా ఉంటే కుక్క బాగున్నట్టు.

మనవరాలు: నిద్ర లేచిన కుక్క ముక్కు పొడిగానే ఉంటుంది. జ్వరమున్న కుక్క ముక్కు తడిగా ఉండొచ్చు. ముక్కుని నమ్మకు. కుక్క ఒళ్ళు ఎప్పుడూ మనకన్నా వేడే, 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్‌ దాకా మామూలు. చేత్తో తాకి తేల్చలేం. ఆసనంలో థర్మామీటర్‌ పెట్టి చూడాలి. 104 కనపడితే ఇక ఇంట్లో కూర్చోకూడదు.

తాతయ్య: మా చిన్నప్పుడు డిగ్రీలూ లేవు, జబ్బులూ లేవు. మొన్న శ్రావణంలో చూడు, ఐదు పిల్లలు నెత్తుటి విరేచనాలు పట్టుకుని నాలుగు పోయాయి. ఇలాంటిది మా అమ్మమ్మగారి ఊళ్ళో ఎప్పుడైనా విన్నామా? అంతా ఈ బిస్కెట్ల తిండి.

మనవరాలు: వినలేదంటే నిజంగానే వినలేదు తాతయ్యా, అప్పటికి ఆ జబ్బే లేదు. పార్వో అంటారు దాన్ని. ఆ వైరస్‌ కుక్కల్లో బయటపడిందే 1978 ప్రాంతంలో. రెండేళ్ళలో ప్రపంచమంతా పాకిపోయింది. నువ్వు చెప్పేది అబద్ధం కాదు, 1978కి ముందు సంగతి.

ఇంత మర్యాదగా పెద్దవాళ్ళని కాదనడం నేనెప్పుడూ వినలేదు. ‘నీకు తెలీదు’ అనలేదు పిల్ల. నీకు తెలిసినప్పుడు లోకం వేరుగా ఉందంది.

ఆ ఐదు పిల్లల్ని నేనూ చూశాను. మొదటి రోజు తల్లి దగ్గరకి పాకకుండా విడిగా పడుకున్నాయి. మర్నాడు కక్కులు. ఆ రాత్రికే నీళ్ళలా నెత్తుటి విరేచనాలు, అరుగు దాకా కొట్టే కంపు. అమ్మ దానిమ్మ తొక్క మరగబెట్టి ఉగ్గుగిన్నెతో పట్టింది, మజ్జిగ పట్టింది. పోసిన ప్రతి చుక్కా బయటికే వచ్చింది.

మనవరాలు: పార్వోని నేరుగా చంపే మందు ఇప్పటికీ చేతికొచ్చేలా లేదు. ఒంట్లో నీళ్ళు పోయి, పేగు చెడి చస్తాయి పిల్లలు. ఆ నీళ్ళని సెలైన్‌తో లోపల నిలబెట్టగలిగితే చాలా పిల్లలు గట్టెక్కుతాయి. అందుకే ఆ జబ్బులో రేపు అనే మాటుండదు. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటి టీకా, అక్కణ్ణుంచి మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేదాకా. ఒక్క సూదితో ఆపేస్తే కుదరదు. ఇంకో సంగతి, ఆ పిల్లలు పడుకున్న చోట వైరస్‌ నెలల తరబడి బతికే ఉంటుంది. మామూలు ఫినాయిలుకి లొంగదు, బ్లీచింగ్‌ పౌడరు నీళ్ళతో కడగాలి.

తాతయ్య: ఐదోది బతికింది కదా, ఏ సూదీ లేకుండా!

మనవరాలు: బతికింది. ఐదింటికి ఒకటి. నీ పాకలో దూడలకి ఆ లెక్క ఒప్పుకుంటావా?

తాతయ్య: ...

మనవరాలు: వరదప్పుడు పోయిన గట్టు కుక్క సంగతి కూడా అంతే.

2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరద. లంకల్లో ఎలకలన్నీ ఏటిగట్టు ఎక్కాయి, పశువులూ కుక్కలూ మనుషులూ ఎక్కిన గట్టే. నీళ్ళు తీశాక రెండు వారాలకి మా పొలం కాపలా కుక్కకి కళ్ళు పచ్చబడ్డాయి. నాన్న నేలఉసిరి నూరి పోశాడు. దక్కలేదు.

మనవరాలు: అది ఎలక ఉచ్చతో వచ్చే లెప్టో అయ్యుంటుందని నా అనుమానం. నిలవ నీళ్ళలో కలుస్తుంది. కుక్కకి వస్తే దాని ఉచ్చతో మనకీ అంటుకుంటుంది. నువ్వు ఉత్త చేతుల్తో దాని పక్క బట్టలు తీశావు. కళ్ళు పచ్చబడ్డ కుక్కని డాక్టరుకి చూపించడం కుక్క కోసం ఒక్కదానికే కాదు తాతయ్యా.

తాతయ్య: మరి ఇంటి వైద్యమంతా దండగేనంటావా? కిందటేడు నల్లోడి వీపు మీద పుండులో పురుగులు పడితే ఎవరు తీశారు? సీతాఫలం ఆకు నూరి కట్టాను. మూడ్రోజుల్లో పురుగన్నది లేదు.

మనవరాలు: అది బాగా చేశావు. వీపు మీద, కళ్ళెదుట ఉన్న పుండు కాబట్టి సరిపోయింది. చెవి లోపలో, కంటి పక్కనో, తోక కిందో పడితే ఆకుతో ఆగదు, లోపలికి తవ్వుకుపోతాయి. గజ్జికి పూసిన కాలిన ఇంజనాయిల్‌ మాత్రం...

తాతయ్య: తగ్గింది కదే!

మనవరాలు: నూనె పొరకి పురుగు కొంత చచ్చుంటుంది. కుక్క ఆ నూనెనంతా నాకి మింగుతుంది, చర్మంలోంచి కొంత దిగుతుంది. అందులో ఉండేది ఇంజను అరిగిన లోహం. ఇప్పుడు గజ్జికి, గోమార్లకి నోట్లో వేసే బిళ్ళలే ఉన్నాయి. అసలు ఏ గజ్జో తెలియాలంటే చర్మం కాస్త గీరి మైక్రోస్కోపు కింద చూడాలి, ఐదు నిమిషాల పని. ఒక రకం మనకీ అంటుకుంటుంది, ఇంకో రకం అంటదు. బాబాయ్‌, నువ్వేంటి నవ్వుతున్నావు? రాత్రి వీడికేం పెట్టావో చెప్పావా తాతయ్యకి?

దొరికిపోయాను. రాత్రి నల్లోడి ఒళ్ళు కాలుతోందనిపించి, నా సంచిలో ఉన్న డోలో సగం విరిచి బెల్లంలో చుట్టి మింగించాను. హైదరాబాదు చదువులు.

మనవరాలు: సగం బిళ్ళకి ఈ సైజు కుక్క చచ్చిపోదు గానీ, ఎక్కువైతే కాలేయం పోతుంది. పిల్లికైతే ఆ సగమే చాలు ప్రాణం తియ్యడానికి. అదే ఇంకో రకం నొప్పుల బిళ్ళ, ఐబుప్రొఫెన్‌ పెట్టుంటే కడుపులో పుళ్ళు పడి నెత్తురు కక్కేవాడు. డాక్టరు దగ్గర మాత్రం దాచకు. ఏం పెట్టావో, ఎన్నింటికి పెట్టావో చెప్పు.

తాతయ్య: డాక్టరు, డాక్టరు! ఆ ముచ్చట కూడా చెబుతా విను. మా తోడల్లుడు తన కుక్కని పట్నంలో ఓ క్లినిక్కుకి తీసుకెళ్ళాడు. వెళ్ళగానే సెలైను. మర్నాడు సెలైను. మూడోనాడూ సెలైనే. నాలుగోనాడు కుక్క పోయింది, చేతికి తొమ్మిది వేల బిల్లొచ్చింది. ఏం జబ్బని అడిగితే ఇన్‌ఫెక్షనన్నారు. మన ఊరి పశువుల ఆస్పత్రికెళితే ఆవుకీ గేదెకీ మందులుంటాయి, కుక్క అనగానే చీటీ రాసి బయట కొనుక్కోమంటారు. అలాంటప్పుడు ఏం చూసి వెళ్ళమంటావు?

ఈ మాటకి పిల్ల వెంటనే జవాబు చెప్పలేదు, చెప్పనందుకు నాకు గౌరవం కలిగింది. మన పశువైద్యం పాడి చుట్టూ, కోళ్ళ చుట్టూ పెరిగింది. 2022 మే 19న నియోజకవర్గానికొకటి చొప్పున 175 సంచార పశువైద్య బళ్ళు మొదలెట్టారు. 1962కి ఫోన్‌ చేస్తే పాక దగ్గరకే వచ్చేలా పెట్టింది కూడా ముఖ్యంగా పాడిరైతు కోసమే. ఊరకుక్క ఆ లెక్కలో చివర.

మనవరాలు: నువ్వు చెప్పింది జరుగుతుంది. జరక్కుండా చూసుకోడానికి ఓ దారుంది. వెళ్ళగానే మందు అడక్కు. ‘మీ అనుమానం ఏ జబ్బు మీద? అది తేల్చడానికి ఏ పరీక్ష చేస్తారు?’ అని అడుగు. ఒక చుక్క రక్తం గాజుపలక మీద పులిమి చూడ్డానికి వేలు ఖర్చవదు. ఆ ప్రశ్నకి చిరాకుపడే చోట ఉండకు, ఇంకో చోటికెళ్ళు. మన దగ్గర తేలకపోతే గన్నవరంలో మా కాలేజీ ఆస్పత్రి ఉంది. కానీ అడగాలంటే ముందు నువ్వు చూసుండాలి. ఎప్పణ్ణుంచి తినలేదు, విరేచనం ఏ రంగు, ఉచ్చ ఏ రంగు, ఎక్కడెక్కడ తిరిగింది. కుక్క చెప్పుకోలేదు. నువ్వు చెప్పకపోతే డాక్టరు సెలైనే పెడతాడు.

తాతయ్య: అంత కథెందుకే! గొంతులో ఏ చేపముల్లో ఎముకో అడ్డంపడి ఉంటుంది. అందుకే తినట్లేదు. నోట్లో చెయ్యెట్టి లాగేస్తే...

మనవరాలు: వద్దు!

అంత గట్టిగా అరిచేసరికి పాకలో గేదె కూడా తలెత్తింది.

మనవరాలు: నోరు తెరుచుకుని చొంగ కారుస్తూ, మింగలేక అవస్థపడే కుక్క నోట్లో ఎముక ఉండొచ్చు. పిచ్చి కూడా ఉండొచ్చు. రేబిస్‌లో అన్ని కుక్కలూ కరవడానికి ఎగబడవు తాతయ్యా. కొన్నింటికి దవడ పడిపోతుంది, దిగాలుగా మూల పడుంటాయి. ఎముకనుకుని చెయ్యి పెట్టి చచ్చిపోయినవాళ్ళున్నారు. మన నల్లోడికి సెప్టెంబర్‌ 28న ఉచిత శిబిరంలో టీకా వేయించాను, నిజమే. అయినా నోట్లో చెయ్యి పెట్టకూడదు.

తాతయ్య: నాకు చెప్పకు పిచ్చికుక్క సంగతి. హైస్కూల్లో ఉండగా పిక్క పట్టుకుంది. మా నాన్న ముందు చెప్పు తీసి కుక్కని కొట్టాడు, సామెతుంది కదా. తర్వాత నన్ను అమలాపురం తీసుకెళ్ళి బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు. ఇప్పటికీ పొట్ట మీద దోమ వాలితే ఉలిక్కిపడతాను.

మనవరాలు: ఆ పద్నాలుగూ గొర్రె మెదడు నుంచి తీసిన పాత మందు. 2004 చివరికి మన దేశంలో పూర్తిగా ఆపేశారు. ఇప్పుడు చేతికి నాలుగైదు సూదులే. ముందు పావుగంట సబ్బుతో, పారే నీళ్ళ కింద గాయం కడగాలి. జబ్బు బయటపడ్డాక మాత్రం మనిషిని బతికించే మందు ఇవాళ్టికీ లేదు.

నాన్న లుంగీ సర్దుకుని కాసేపు పొట్ట గోక్కున్నాడు. ఎనిమిదిన్నరైంది. దూరంగా గరగల డప్పులు మొదలయ్యాయి. పిల్ల లేచి తోటలోకి నడిచింది. ఆయన వెనకే వెళ్ళాడు, మాట ఆపకుండానే.

నల్లోడు కొబ్బరి డొక్కల పోగులో గుంట చేసుకుని పడుకున్నాడు. పిల్ల ముందు చెవి తిరగేసింది. మడతలో బూడిదరంగు గోమార్లు, నెత్తురు తాగి ఆముదపు గింజల్లా ఉబ్బినవి, నాలుగో ఐదో. పొట్ట మీద బొచ్చు పల్చగా ఉన్న చోట ఎర్రటి చుక్కలు, సూదితో పొడిచినట్టు.

తాతయ్య: అదీ సంగతి! గోమారి జ్వరం. జెర్సీ ఆవుకి నెత్తుటి ఉచ్చ పట్టింది గుర్తుందా? అదీ వీటివల్లేనన్నాడు డాక్టరు. ఒక్క సూదితో నిలబడింది. ఆ మందు సీసా ఇంకా బీరువాలో ఉంది. వీడికి అందులో సగం వేస్తే సరి.

మనవరాలు: జబ్బు పట్టడంలో నీ కన్ను నా పుస్తకం కన్నా ముందే ఉంది. మోతాదులో మాత్రం కాదు. ఆ మందు కుక్కకి కాస్త ఎక్కువైతే మెదడు మీద కొడుతుంది, తూలుతూ పడిపోతుంది. సగమూ పావూ కాదు, బరువు తూచి వెయ్యాలి. పైగా గోమార్లు తెచ్చేది ఒక్క జబ్బు కాదు. ముక్కునుంచి నెత్తురు కార్పించేది ఎక్కువగా ఎర్లికియా అనే ఇంకో రకం. దానికి సూది కాదు, డాక్సీసైక్లిన్‌ బిళ్ళలు, నాలుగు వారాలు.

తాతయ్య: అయితే ఆ బిళ్ళలే తెప్పిద్దాం. మెడికల్‌ షాపు పండగకి కూడా తీస్తాడు. ఆటో ఎందుకూ, డాక్టరెందుకూ?

ఒప్పుకోవాలి, నేనూ అదే అనుకున్నాను. జబ్బు పేరు తెలిసింది, మందు పేరు తెలిసింది, ఇంకేం కావాలి?

మనవరాలు: తాతయ్యా, తోటలో ఎలకల మందు ఎప్పుడు పెట్టారు?

తాతయ్య: భోగికి నాలుగు రోజుల ముందు. కొబ్బరి పిందెలన్నీ కొరికేస్తున్నాయని. వ్యవసాయశాఖ వాళ్ళు చెప్పిన లెక్కే, 96 పాళ్ళు నూక, రెండు నూనె, రెండు బ్రోమడయలోన్‌. పొట్లాలు కట్టి బొరియల్లోకి తోశాం. వీడు బొరియలు తవ్వి తినడులే.

మనవరాలు: పొట్లం తినక్కర్లేదు. తిన్న ఎలకని తిన్నా చాలు.

నాన్న ఏమీ అనలేదు.

మనవరాలు: ఆ మందు ఎలకని ఎలా చంపుతుంది? నెత్తురు గడ్డకట్టకుండా చేసి. కుక్కలోనూ అదే పని. తిన్న రోజు ఏమీ తెలీదు. మూడు నాలుగు రోజులకి నీరసం, తర్వాత ముక్కులోంచో చిగుళ్ళలోంచో నెత్తురు, లేదా బయటికి కనపడకుండా రొమ్ములో. చూడ్డానికి గోమారి జ్వరమూ ఇదీ ఒకటే. దానికి డాక్సీ, దీనికి విటమిన్‌ కె. ఇది అదనుకుని నాలుగు వారాల బిళ్ళలు మొదలెడితే, వీడికి నాలుగు వారాలుండవు. గోమార్లు కళ్ళెదుట ఉన్నాయి కాబట్టి జబ్బు వాటిదేనని నేను కూడా ఒట్టేసి చెప్పలేను. రక్తం పరీక్ష చెప్పాలి.

తాతయ్య: చిగురు నలుపాయె. ఎంత నెత్తురు పోయిందో ఎలా తెలుస్తుంది?

మనవరాలు: కింది కనురెప్ప.

దూడలకి నట్టలు పట్టాయేమో చూసేటప్పుడు నాన్న చేసే పని అదే. పొద్దున ఆయనకి ఎందుకు తట్టలేదో! డొక్కల మీద గొంతుకూర్చుని, బొటనవేలితో నల్లోడి కింది రెప్ప కిందికి లాగాడు. రెప్ప లోపల ఎరుపు లేదు. అప్పుడే కొట్టిన బొండంలో లేత కొబ్బరిలా ఉంది. రెండో కన్ను కూడా లాగి చూశాడు. వేలు తీసి, లుంగీకి తుడుచుకుని, అలాగే కూర్చుండిపోయాడు.

తాతయ్య: నెమరాగిందే అమ్మడూ.

పిల్ల అప్పటికే ఫోన్‌లో ఉంది. సీనియర్ల ద్వారా అమలాపురంలో ఓ డాక్టరుగారిని పట్టింది. పండగే అయినా చూస్తాననీ, పదింటిలోపు తీసుకురమ్మనీ అన్నారట. గోనెసంచి మడిచి స్ట్రెచరులా చేసుకున్నాం, పొట్ట నొక్కుకోకుండా.

తాతయ్య: నెత్తురంతా పోతే ఏం చేస్తారు? మనిషిలాగే ఎక్కిస్తారా?

మనవరాలు: అవసరం పడొచ్చు, పడకపోవచ్చు. పడితే కుక్క నెత్తురే ఎక్కించాలి. మొదటిసారైతే చాలావరకు పడుతుంది. ఇచ్చేది పాతిక కిలోలకి తగ్గకూడదు, ముసలిది కాకూడదు, టీకాలన్నీ పడుండాలి. ఊరకుక్కల్లో అలాంటిది ఎక్కడ దొరుకుతుందిలే. అక్కడికెళ్ళాక చూద్దాం.

నేను వీధి చివర ఆటో మాట్లాడుకొచ్చేసరికి నాన్న అరుగు మీద లేడు. డప్పులు దగ్గరవుతున్నాయి. అమ్మ గారెలు మూటకట్టి పిల్ల చేతికిచ్చింది. ఎక్కడికెళ్ళాడీయన అని కేకేయబోతుంటే ఎదురింటి గేటు తెరుచుకుంది. ముందు సీజరు, వెనక గొలుసు పట్టుకుని నాన్న, ఆ వెనక ఇంకా బనీనులోనే ఉన్న మాస్టారు. సీజరు ఎగురుకుంటూ వచ్చి ఆటో ముందు సీట్లో కూర్చుంది, పెళ్ళికెళుతున్నట్టు.

“ఇదెక్కడికండి తాతగారూ?” అన్నాడు డ్రైవర్‌.

“అల్లుడుగారు. తోడొస్తాడు. నువ్వు కాలవగట్టు మీంచి పోనీ, ప్రభలు రోడ్డెక్కేలోగా లాకులు దాటేయాలి.”

“ఆయ్‌, అలాగేనండి.”

నాన్న వెనక సీట్లో, నల్లోడి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. చంకలో ఏదో నీలం అట్ట పుస్తకం. ఏంటని చూస్తే, సీజరు టీకాల పుస్తకం.